వినపడని గిటారు

గిటారుకు పుట్టినప్పటి నుంచీ ఒక కొరత ఉంది. గట్టిగా వినపడదు. నలుగురు చాప మీద కూర్చున్న గదిలో పరవాలేదు. నలభై మంది కబుర్లాడుతూ, కాళ్లతో నేల దంచుతూ ఉన్నచోట దాని గొంతు ఎవరి చెవికీ ఆనదు. పక్కన బాకా ఊదితే ఇక చెప్పక్కర్లేదు. రాక్ అండ్ రోల్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఎగదువ్విన జుట్టుతోనో, అమ్మానాన్నల మాట వినని కుర్రాళ్లతోనో మొదలుపెడతారు. ఉక్కు ఊళ్లో పెరిగినందుకేమో, నాకు ఆ కథ తీగ దగ్గర్నుంచి కనపడుతుంది. ఎవరికి ఏది వినపడలేదు, ఎవరు ఏది మోయలేకపోయారు అని అడుగుతూ పోతే చాలు, ఆ సంగీతం ఎలా పుట్టిందో చాలా వరకు తెలిసిపోతుంది.

మా భిలాయ్ సెక్టర్ 2లో ఈ సంగతి పుస్తకాలు చదవకుండానే తెలుస్తుంది. వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా ఉందంటే సాయంత్రానికే అహూజా యాంప్లిఫయరు, రెండు పెద్ద బాక్సులు, గడకి కట్టే హారన్లు రిక్షాలో దిగేవి. గాయకులకు, కీబోర్డుకు పోగా మిగిలిన మైకు సాకెట్టులో గిటారు వైరు గుచ్చేవారు. మైకు నుంచి వచ్చేది పిసరంత కరెంటు. గిటారు నుంచి వచ్చేది అంతకు ఎన్నో రెట్లు. అంత కరెంటు ఒక్కసారి మీదపడితే యాంప్లిఫయరు తట్టుకోలేక శబ్దాన్ని చింపేసేది.

"అన్నా, గిటారు గరగరలాడిపోతంది, తగ్గించీ."

"తగ్గిస్తే ఎనకాల కుర్చీలోళ్లకి ఆనదురా. ఉండనీ."

ఈ రెండు మాటల్లోనే రాక్ అండ్ రోల్ చరిత్ర ముప్పాతిక వంతు ఇమిడి ఉంది. మిగతా పాతిక రైలు పట్టాల మీద మొదలైంది.

హవాయి దీవుల్లో ఓహు అనే దీవి. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే పదిహేనేళ్ల కుర్రాడు గిటారు మీటుకుంటూ రైలు కట్ట వెంబడి నడుస్తూ కింద పడున్న బోల్టు ఒకటి తీశాడట. అది తీగలకు తగిలి జారేసరికి స్వరం మెట్లు మెట్లుగా కాక గొంతు జారినట్టు జారింది. తర్వాత అతను స్కూలు వర్క్‌షాపులో నున్నటి ఉక్కు కడ్డీ చేయించుకుని, గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఏళ్ల తరబడి ఆ పద్ధతికి సానపెట్టాడు. బోల్టు అన్నవాళ్లున్నారు, దువ్వెన అన్నవాళ్లున్నారు, చాకు వీపు అన్నవాళ్లూ ఉన్నారు. దేశానికి రైలు పట్టాలు చేసి పంపే ఊరివాణ్ణి, నాకు బోల్టే ఇష్టం.

ఇంకో వాదం కూడా ఉంది. ఇండియాలో పుట్టి హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అనేవాడు అంతకు కొన్నేళ్ల ముందే ఇలా జార్చి వాయించాడని అక్కడి సంగీతకారులే కొందరు చెప్పారు. గోటువాద్యం, విచిత్రవీణ ఉన్న దేశం నుంచి పోయినవాడికి తీగ మీద గుండు జార్చడం వింతేమీ కాదు. మనవాడే కనిపెట్టాడని జెండా ఎగరేయడానికి ఆ సాక్ష్యం చాలదు గానీ, కొట్టిపారేయడానికీ వీల్లేదు.

1904లో కెకుకు హవాయి వదిలి అమెరికా ఖండానికి వెళ్లాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి పందిరి దగ్గర జనం గుమిగూడారు. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో ఎక్కడ చూసినా హవాయి పాటల రికార్డులే. ఆ గాలి మన దాకా వచ్చింది. సమోవా దీవుల్లో పుట్టిన టావు మో అనే కళాకారుడు కుటుంబంతో ప్రపంచమంతా తిరుగుతూ 1940లలో కలకత్తాలో కొన్నేళ్లు ఉండిపోయాడు. ఆంగ్లో ఇండియన్లు, బెంగాలీలు ఆ వాయిద్యాన్ని పట్టుకున్నారు. సినిమా పాటలను మాటలు లేకుండా హవాయి గిటారు మీద వాయించిన వాన్ షిప్లే రికార్డులు ఒకప్పుడు పెళ్లి పందిళ్లలో, సినిమా హాళ్లలో ఆట మొదలయ్యే ముందు మోగుతుండేవి. పేరు తెలియకపోయినా ఆ గొంతు మన పెద్దవాళ్లకు తెలుసు.

అయితే అసలు కొరత అలాగే ఉంది. ఒళ్లో పడుకోబెట్టిన గిటారు పైకప్పుకు పాడుతుంది, ఎదురుగా ఉన్నవాడికి కాదు. లాస్ ఏంజెలెస్‌లో హవాయి గిటారు వాయించి పొట్టపోసుకునే జార్జ్ బోషాంప్ దీనితో విసిగిపోయాడు. స్లొవేకియా నుంచి వలస వచ్చిన డోపియెరా అన్నదమ్ములతో కలిసి మొదట లోహపు గిటారు చేశాడు. లోపల మూడు పల్చని అల్యూమినియం గరాటులు ఉంటాయి, తీగ అదురును అవి పెద్దది చేస్తాయి. 1927లో అది నేషనల్ అనే పేరుతో బజారుకొచ్చింది. పల్లెల్లో, వీధి మొగల్లో పాడుకునే బ్లూస్ గాయకులకు బాగా పనికొచ్చింది. డాన్సు హాలుకు మాత్రం అదీ చాల్లేదు.

1931లో బోషాంప్ వేరే దారి పట్టాడు. చెక్కను, గాలిని వదిలేసి తీగ దగ్గరికే పోయాడు. ఈ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతదంతా దీని మీదే నిలబడింది.

ఉక్కు తీగ దగ్గర అయస్కాంతం పెడితే తీగ కూడా కాస్త అయస్కాంతమవుతుంది. మొదట పెట్టిన అయస్కాంతానికి తలవెంట్రుకంత రాగి తీగను వేల చుట్లు చుట్టి ఉంచండి. ఇప్పుడు ఉక్కు తీగను మీటితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత బలం కూడా దానితోపాటే ఊగుతుంది, ఆ ఊపుకు రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. గిటారులో పైనుంచి రెండో లావు తీగ సెకనుకు 110 సార్లు అదురుతుంది. కరెంటు కూడా సరిగ్గా అన్నిసార్లే అటూ ఇటూ పరిగెడుతుంది. వోల్టులో పదో వంతుకు అటూ ఇటూ ఉండే ఆ కరెంటును యాంప్లిఫయరుకిస్తే అది పెంచి స్పీకరుకు పంపుతుంది. మైకు గాలిలో శబ్దాన్ని వింటుంది. అయస్కాంతం, రాగి చుట్ట కలిసిన ఈ పికప్ గాలిని పట్టించుకోదు, ఉక్కు కదలికను మాత్రమే వింటుంది. నైలాను తీగ వేస్తే దానికేమీ వినపడదు. పేగు తీగ వేసినా అంతే.

ఆ తీగ ఏమిటంటే కార్బన్ ఎక్కువున్న ఉక్కు. మా ప్లాంటులో రైలు పట్టాకు పోసే ఉక్కులో కార్బన్ నూటికి 0.6 నుంచి 0.8 దాకా ఉంటుంది, గిటారుకు వాడే సన్న తీగలో అంతకు కొంచెం ఎక్కువ. 260 మీటర్ల పట్టా, పావు మిల్లీమీటరు మందం తీగ వరసకు అన్నదమ్ములే అవుతాయన్నమాట. ఆ సన్న తీగ ఒక్కటీ శ్రుతి చేసినప్పుడు ఏడు కిలోల పైచిలుకు లాగుడు తట్టుకుంటుంది. ఆరు తీగలూ కలిసి గిటారు మెడను యాభై కిలోలకు దగ్గరగా వంచుతుంటాయి. గిటారు మెడ లోపల ఉక్కు కడ్డీ దూర్చడం అందుకే.

బోషాంప్ నమూనా చిన్న గుండ్రటి పళ్లెం, దానికి పొడుగాటి పిడి. అల్యూమినియంతో పోత పోశారు. జనం దానికి పెట్టిన పేరు వేపుడు పెనం. లోహపు పని చేసే అడాల్ఫ్ రికెన్‌బాకర్ తోడయ్యాడు, 1932లో అమ్మకానికి పెట్టారు. పేటెంటు మాత్రం 1937 ఆగస్టు 10 దాకా చేతికి రాలేదు. ఇది నిజంగా మోగుతుందా అని పేటెంటు ఆఫీసువాళ్లకు అనుమానం వస్తే, హవాయి వాద్యకారులను వాషింగ్టన్ పంపి వాళ్ల ముందే వాయించి చూపించారని చెబుతారు. ఈ ఆలస్యంలో అందరూ కాపీ కొట్టేశారు. 1936లో గిబ్సన్ కంపెనీ మామూలు గిటారుకు పికప్ తగిలించింది. అది పట్టుకుని చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో బాకాల పక్కన కూర్చుని వాటికి దీటుగా వాయించాడు. అంతకు ముందు గిటారువాడి పని వెనక వరసలో తాళం వెయ్యడమే.

వినపడటం కుదిరింది. ఇక మోయడం సంగతి.

1940ల మొదట్లో అమెరికాలో డాన్సు బృందమంటే పదిహేను, పద్దెనిమిది మంది. బాకాలే పది పన్నెండు. యుద్ధంలో కుర్రాళ్లు సైన్యానికి పోయారు, పెట్రోలుకు రేషను వచ్చింది. 1944లో డాన్సు జరిగే చోట్ల మీద నూటికి ముప్పై పన్ను వేశారు, తర్వాత దాన్ని ఇరవైకి దించారు. అంత బలగాన్ని ఊరూరా తిప్పి, పన్ను కట్టి, కూడు పెట్టడం యజమానుల వల్ల కాలేదు. లూయిస్ జోర్డాన్ లాంటివాళ్లు ఐదారుగురితోనే హాలంతా ఊపడం మొదలుపెట్టారు. పది బాకాల పని ఒక సాక్సోఫోను, ఒక కరెంటు గిటారు చేశాయి. తిరుగుబాటు, యౌవనం అన్నీ తర్వాత అంటించిన మాటలని నాకనిపిస్తుంది. మొదట ఉన్నది జీతాల లెక్క. ఒక కారులో పట్టేంత బృందం కావాలి, పద్దెనిమిది మంది ఉన్నట్టు వినపడాలి.

కారులో తిరగడం అందరికీ ఒకేలా లేదు. సిస్టర్ రోసెట్టా థార్ప్ చర్చి పాటలను కరెంటు గిటారు మీద వాయిస్తూ ఊరూరా తిరిగిన నల్లజాతి మహిళ. దక్షిణ రాష్ట్రాల్లో ఆమె పాటకు టికెట్టు కొన్నవాళ్లే హోటల్లో ఆమెకు గది ఇచ్చేవారు కాదు. అందుకని పడుకునే వీలున్న బస్సు సొంతంగా ఏర్పాటు చేసుకుంది. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీలు ఆమె దగ్గర నేర్చుకున్నదెంతో చరిత్రకారులు ఆలస్యంగా ఒప్పుకున్నారు. 1964 మేలో ఇంగ్లండులోని మాంచెస్టర్లో వాడకం ఆగిపోయిన ఒక రైల్వే స్టేషన్లో ఆమె కచేరీ జరిగింది. ఒక ప్లాట్‌ఫారం మీద శ్రోతలు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఆవిడ. వాన పడుతోంది. మంచి కోటు తొడుక్కుని, తెల్ల గిటారు భుజాన వేసుకుని వాయించింది. టీవీవాళ్లు తీసిన ఆ దృశ్యం ఇప్పటికీ దొరుకుతుంది, గిటారు ముట్టినవాళ్లందరూ ఒకసారి చూడాలి.

ఇక 1951 మార్చి. మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్ నుంచి మెంఫిస్‌కు ఒక కారు బయల్దేరింది. ఐక్ టర్నర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడి బృందం అది. మనుషులు, డ్రమ్ములు, సాక్సోఫోన్లు, యాంప్లిఫయరు అన్నీ ఒకే కారులో. దారిలో ఆ యాంప్లిఫయరు దెబ్బతింది. కారు పైనుంచి జారిపడిందని ఒకరు, వానకు తడిసిందని ఇంకొకరు చెప్పారు. ఏదైతేనేం, స్పీకరు కాగితం చిరిగింది. శామ్ ఫిలిప్స్ నడిపే చిన్న రికార్డింగు గదికి చేరి, వైరు పెట్టి చూస్తే గిటారు బొంగురు పోయింది. బాగుచేయించే టైము లేదు, డబ్బూ లేదు. ఫిలిప్స్ కాగితం ఉండ చేసి ఆ చిరుగులో కుక్కాడు. శబ్దం బాగుపడలేదు, మరింత లావుగా, సాక్సోఫోను బుసకొట్టినట్టు వచ్చింది. ఇంకో ఇంజినీరైతే రికార్డింగు వాయిదా వేసేవాడు. ఫిలిప్స్ ఆ గిటారునే ముందుకు తెచ్చి రికార్డు చేశాడు. 'రాకెట్ 88' అనే ఆ పాట కొత్తగా వచ్చిన కారు మోడలు గురించే. గాయకుడు జాకీ బ్రెన్‌స్టన్ పేరుతో విడుదలై, నల్లజాతి శ్రోతల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనా అని ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట తేలేది కాదు. కారు మీద పాట, కారులో తిరిగే బృందం, కారులో దెబ్బతిన్న యాంప్లిఫయరు ఒకే రికార్డులో కలిసిన సందర్భం మాత్రం ఇంకోటి లేదు.

అదే ఏడాది కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ మోత బరువు సంగతి తేల్చాడు. అతనికి గిటారు వాయించడం రాదు. అది అతని అదృష్టమని నేననుకుంటాను. వాయిద్యం ఇలా ఉండాలన్న సంప్రదాయం అతనికి అడ్డు రాలేదు. డొల్ల పెట్టె బదులు దిమ్మ చెక్క తీసుకున్నాడు. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. దారిలో మెడ విరిగితే మరలు విప్పి కొత్తది బిగించుకోవచ్చు. ఈ గిటారుకు 1951లో టెలికాస్టర్ అనే పేరు స్థిరపడింది. ఆ ఏడాది చివర్లో అతనే బేస్ గిటారు తెచ్చాడు. దానికి ముందు బేస్ అంటే మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే చెక్క వాయిద్యం. దాన్ని కారు పైన తాళ్లతో కట్టి తీసుకెళ్లేవారు. ఇంతా చేసి తీసుకెళ్తే డ్రమ్ముల హోరులో వినపడేది కాదు. ఫెండర్ బేస్ మామూలు గిటారులా భుజాన వేలాడుతుంది. కారు పైకప్పు ఖాళీ అయింది, లోపల ఇంకో మనిషికి చోటు దొరికింది. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్ములు అనే కొలత అక్కడే స్థిరపడిపోయింది. బడ్డీ హాలీ బృందం, బీటిల్స్, ఆ తర్వాత మన కాలేజీ బ్యాండ్లు అన్నీ ఆ కొలతకు కుట్టినవే.

బడ్డీ హాలీ పేరొచ్చింది కాబట్టి ఒక మాట. 1959 చలికాలంలో అతను అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఊరూరా తిరుగుతున్నాడు. బస్సులో హీటరు చెడిపోయింది, గడ్డకట్టే చలికి డ్రమ్ములు వాయించే కుర్రాడి పాదాలు దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. ఇక ఆ బస్సు వద్దని హాలీ చిన్న విమానం అద్దెకు తీసుకున్నాడు. ఫిబ్రవరి 3 తెల్లవారకముందే అది అయోవా పొలాల్లో కూలింది. హాలీ వయసు 22. మర్నాడు, ఫిబ్రవరి 4న, భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. రెంటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఈ ఊరివాడు ఆ తేదీలు చూశాక మర్చిపోలేడు.

సంబంధం ఉన్నది వేరే చోట. 1955 ఒప్పందం ప్రకారం ప్లాంటు కట్టడానికి రష్యన్ ఇంజినీర్లు కుటుంబాలతో ఇక్కడికి వచ్చారు. అదే కాలంలో వాళ్ల దేశంలో రాక్ అండ్ రోల్ రికార్డులు దొరికేవి కావు. లెనిన్‌గ్రాడ్ కుర్రాళ్లు ఆస్పత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద దొంగచాటుగా పాటలు గీసి అమ్ముకునేవారు. వెలుతురుకు పట్టుకుంటే రికార్డు మధ్యలో ఎవరివో పక్కటెముకలు కనపడేవి.

మన దగ్గర అంత గండం లేదు. సినిమా పాటలు ఆకాశవాణికి తగవని 1950లలో మంత్రి కేస్కర్ పట్టుబడితే, జనం రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. ఇంగ్లిషు పాటలూ అందులోనే వచ్చేవి. సినిమావాళ్లు ముందే చెవి పెట్టారు. హైదరాబాదులో పెరిగి తెలుగు తెలిసిన శంకర్ 1955లో 'శ్రీ 420'కు తెలుగు పల్లవి ఇచ్చిన సంగతి అందరికీ తెలుసు. అదే శంకర్ జైకిషన్ జంట 1965లో 'గుమ్‌నామ్'కు కట్టిన 'జాన్ పెహచాన్ హో' అచ్చమైన రాక్ అండ్ రోల్. తెర మీద వాయించింది బొంబాయి బృందం, టెడ్ లయన్స్ అండ్ హిజ్ కబ్స్. 2001లో ఒక అమెరికా సినిమా ఆ పాటతోనే మొదలైంది.

1970, 71లలో సిమ్లా సిగరెట్ల పేరుతో దేశమంతటికీ బీట్ పోటీలు జరిగాయి. షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్, మద్రాసు నుంచి కన్‌ఫ్యూజన్స్ లాంటి బృందాలు వచ్చాయి. ఎల్పీ రికార్డులు కూడా వేశారు. విదేశీ గిటారు మీద సుంకం మోత మోగిపోయేది. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్, హాబ్నర్ గిటార్లే చాలామందికి గతి. యాంప్లిఫయరు వీధి రేడియో మెకానిక్ చేతుల మీదుగా పుట్టేది. లియో ఫెండరూ వీధి రేడియో మెకానికేనని మాత్రం మరిచిపోకూడదు.

తెలుగువాళ్లలో ఊరూరా తిరిగే బృందమంటే నాకు మొదట గుర్తొచ్చేది రాక్ బ్యాండ్ కాదు. 1960ల చివర్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపు. అందులో హార్మోనియం అనిరుత్త, గిటారు ఇళయరాజా, తాళవాద్యాలు భాస్కర్, ఇంకో గిటారు గంగై అమరన్. పేర్లు చదువుతుంటేనే టికెట్టు కొనాలనిపిస్తుంది. ఇళయరాజా అంతకు ముందు పదేళ్లూ అన్న పావలర్ వరదరాజన్ వెంట కమ్యూనిస్టు సభల్లో పాడుతూ పల్లెలు తిరిగినవాడే. మన సినిమా పాటలో గిటారు, బేస్ పలికే తీరు మారిందంటే ఆ ఊరూరి ప్రయాణాలకూ అందులో వాటా ఉంది.

భిలాయ్‌కు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు హార్మోనియం, తబలాలతో పాటు ఈ ట్రూపుల మోజును కూడా రైలెక్కించుకొచ్చాయి. రాయ్‌పూర్ మీదుగా విజయనగరం పోయే లైను అది. 1931 నుంచి ఉంది, అదే మా ఊరికి బొడ్డుతాడు. సెక్టర్ 1 నెహ్రూ హౌస్ ఆఫ్ కల్చర్‌లో, సెక్టర్ 5 బాలాజీ గుడి ఆవరణలో, పందిళ్లలో వాళ్ల పిల్లలు వాయించారు. పొద్దున ప్లాంటులో షిఫ్టు, రాత్రి స్టేజీ. కానీ ఈ ఊరు ప్రపంచానికి పంపిన అసలైన స్టేజీ వీరవనిత గిటారు పట్టలేదు. తీజన్ బాయి భిలాయ్ దగ్గర గనియారీలో పుట్టి, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, తంబూరా పట్టుకుని, మహాభారతాన్ని పాటగా చెప్పే పాండవాని చెబుతూ దేశదేశాలు తిరిగింది. ఆడవాళ్లు కూర్చుని చెప్పే ఆనవాయితీని తోసి నిలబడి చెప్పింది. ఆమె చేతిలో తంబూరా ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి రథం. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. సిస్టర్ రోసెట్టా థార్ప్ గిటారు పట్టుకున్న తీరు చూసినప్పుడల్లా నాకు ఈవిడే కనపడుతుంది.

ఇప్పుడు పాత గొంతు కావాలనుకునే బృందాల సంగతికి వద్దాం. ఢిల్లీ నుంచి వచ్చిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ ఏ పెద్ద సంస్థ అండా లేకుండా పదిహేనేళ్లకు పైగా నడుస్తోంది. పాతకాలపు డాన్సు హాళ్ల గాలి, క్యాబరే సొగసు ఉన్న పాటలు కట్టి, 2024లో 'బీటా' ఆల్బం వేసి అమెరికా, యూరప్ తిరిగొచ్చింది. షిల్లాంగ్ సోల్‌మేట్ బ్లూస్‌ను 2003 నుంచీ వదలకుండా పట్టుకుంది. ఇలాంటివాళ్ల బాధల్లో మొదటిది వాల్వు, అంటే ట్రాన్సిస్టరుకు ముందు రేడియోల్లో వాడిన గాజు గొట్టం. గాజు వాల్వు యాంప్లిఫయరు మితిమీరి పెంచితే శబ్దం ఒక్కసారిగా పగలదు, అంచులు మెత్తగా వంగుతాయి, చెవికి అది వెచ్చగా ఉంటుంది. ట్రాన్సిస్టరు మాత్రం అంచును కత్తితో కోసినట్టు కోస్తుంది. అందుకే టీవీలు, రేడియోలు వదిలేసి యాభై ఏళ్లయినా గిటారువాళ్లు వాల్వును వదల్లేదు.

ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లోనూ వాల్వులు తయారయ్యేవి. ఈనాడు గిటారు యాంప్లిఫయర్లకు వాల్వులు చేసే కార్ఖానాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రష్యాలో సరాటోవ్, స్లొవేకియాలో ఒకటి, చైనాలో కొన్ని. 2022 మార్చిలో యుద్ధం వల్ల రష్యా ఎగుమతులు ఆగాయన్న వార్త రాగానే దుకాణాల్లో వాల్వులు ఖాళీ అయ్యాయి, ధరలు లేచాయి. తర్వాత సరఫరా మళ్లీ మొదలైంది, ధరలు మాత్రం పాత చోటికి దిగలేదు. ఊళ్లు తిరిగే బృందానికి వాల్వుది ఇంకో తంటా. బరువు, వేడి, పైగా గాజు. పాతిక కిలోల పెట్టెను రైల్లో లగేజీ పెట్టెకెక్కించి, దింపినప్పుడు పగలకుండా ఉంటే అదే గొప్ప. విమానంలో అయితే ఆ బరువుకు కట్టే డబ్బు కచేరీలో వచ్చేదాన్ని మింగేస్తుంది. కాబట్టి చాలామంది యాంప్లిఫయరును ఊళ్లోనే అద్దెకు అడుగుతారు. చక్ బెర్రీ ఈ లెక్కను చివరంటా లాగాడు. గిటారు ఒక్కటి చేత్తో పట్టుకొచ్చి, ఏ ఊరికి పోతే ఆ ఊరి బృందంతోనే వాయించి, డబ్బు ముందే లెక్కపెట్టించుకుని వెళ్లిపోయేవాడు.

ఇక ఆ చిరిగిన గొంతు. రాకెట్ 88 తర్వాత అది అందరికీ కావాల్సి వచ్చింది. 1958లో లింక్ రే 'రంబుల్' రికార్డు కోసం పెన్సిలుతో స్పీకరుకు కన్నాలు పొడిచాడు. ఆ తర్వాత నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే కంట్రోల్ బల్లలో ఒక ట్రాన్స్‌ఫార్మరు పాడై గిటారు బుర్రుమంది. అది కూడా ఉంచేశారు. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ పాడైన తీరునే బొమ్మ గీసి, కాలితో నొక్కే డబ్బాగా మలిచాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ఒక పాటలో వాడాక కొట్లలో స్టాకు లేదు. మధ్యలో, 1964లో, లండన్ కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ గడ్డం గీసుకునే బ్లేడుతో స్పీకరు కాగితాన్ని కోశాడు. ఇప్పుడు మొబైల్లో దింపుకునే గిటారు ఆప్‌లలో ఈ చిరుగులన్నీ మీటలుగా దొరుకుతాయి. వాల్వు ఎంత వేడెక్కాలి, స్పీకరు ఎంత పాతబడాలి అనేది వేలితో జరుపుకోవచ్చు. మామూలుగా, శుభ్రంగా పలికే యాంప్లిఫయరు ఉచితం. చెడిపోయినదానికి విడిగా డబ్బు కట్టాలి.